మోకాళ్ల కింద ఏడు

"పంచె కాస్త పైకెత్తవయ్యా," అన్నాడు డాక్టరు.

పిచ్చయ్య ఎత్తాడు. డాక్టరుగారు గుంటూరు కొత్తపేటలో చర్మరోగాలకి పేరున్నాయన. టేబులు అవతల నుంచే కళ్లజోడు సర్దుకుని చూశాడు. రెండు మోకాళ్ల కిందా ఎర్రగా, రూపాయి బిళ్లలంత మచ్చలు, మొత్తం ఏడు.

"ఎన్నాళ్లయింది?"

"పత్తి తీతలప్పటి నుంచండీ. వేలు తగిలితే కేకే. పురుగుమందు పడిందన్నాడు మా ఊరి ఆరెంపీ."

"విరేచనాలు అవుతున్నాయా?"

పిచ్చయ్యకి ఒళ్లు మండింది. కాళ్లు చూపిస్తే కడుపు సంగతెందుకు ఈయనకి? అయినా తమాయించుకున్నాడు.

"అవుతున్నాయండీ."

"రోజుకెన్నిసార్లు? రక్తం పడుతోందా?"

"ఒక్క నిమిషమండీ!"

బయటికి పరుగెత్తాడు. గుమ్మంలోంచి కనబడే బెంచీ మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెళ్లాం బసవమ్మ చెవిలో ఏదో అడిగాడు. అంతే వేగంగా తిరిగొచ్చాడు.

"ఆరుసార్లండీ. రక్తం కూడా ఉందండీ."

"అది కూడా ఆవిణ్ణే అడగాలా?"

"ఇలాంటివన్నీ ఆవిడకే బాగా గుర్తండీ."

"బరువు తగ్గిందా?"

"మనిషి సగమైపోయిందనుకోండి."

డాక్టరు పిచ్చయ్య బొజ్జ వంక చూసి తల గోక్కున్నాడు.

"ఇది పురుగుమందు కాదయ్యా. పేగుల్లో వాపేమోనని నా అనుమానం. కొందరికి ముందు చర్మం మీదే బయటపడుతుంది."

పెళ్లయిన ఇరవై ఏళ్లలో అంత భయం పిచ్చయ్యకి ఎప్పుడూ వెయ్యలేదు.

"ప్రాణానికేం కాదు గదండీ?"

"ఇప్పుడే మందులు మొదలెడితే లొంగుతుంది. నాన్చావా, కష్టం. ఎక్కు బల్ల, పొట్ట చూడాలి."

"పొట్టా? వద్దండీ! మందు రాసివ్వండి, చాలు."

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. అసలే ఏప్రిల్ ఎండ, ఆపైన భయం. పిచ్చయ్యకి చెమట ధారలు కట్టింది. చూస్తుండగానే ఏడింటిలో ఒకటి మెల్లగా కరిగి, కారి, మడమ దాకా దిగింది.

డాక్టరు లేచొచ్చి దాన్ని వేలితో తుడిచాడు. వేలు ఎర్రబడింది.

"ఏంటయ్యా ఇది?"

పిచ్చయ్య రెండు చేతులూ జోడించాడు.

"గడ్డలు మా ఆవిడవండీ, మగ డాక్టరుకి కాళ్లు చూపించనని మొండికేస్తే, మిరపకాయ టిక్కీ బస్తాల మీద నంబర్లేసే ఎర్రరంగుతో ఎక్కడున్నవి అక్కడే నా కాళ్ల మీద దింపుకొచ్చానండీ!"