ఒట్టోకార్ బుస

వియన్నాలో ఆదివారం పొద్దుటి కచేరీ. పియానో నాది, వయొలిన్ ఒట్టోకార్‌ది, చెల్లో గెర్టీది.

"ఈవిడ పేజీలు తిప్పే మనిషి కూడా వద్దందండీ, పొగరు!" అంది గెర్టీ, హాలు మేనేజరుకి వినపడేట్టు.

"డెబ్బై ఏళ్లొచ్చినా కంఠతా రాకపోతే ఎలాగే?" అన్నాను.

రెండో భాగం ముగ్గురం ఒక్కసారే ఎత్తుకోవాలి. ఒట్టోకార్ కమాను కదలిక చూసి నా వేళ్లు పడాలి. ఆ కమాను నాకు కనిపించలేదు. అంతా మసక. ఇప్పుడు తప్పితే మళ్లీ వేదిక ఎక్కనివ్వరు.

అప్పుడు వినిపించింది, ఎత్తుకునే ముందు ముక్కుతో గట్టిగా ఊపిరి లాగే, ముప్పై ఏళ్లు తిట్టి నేను మాన్పించిన ఒట్టోకార్ గేదె బుస. ముగ్గురం కలిసే ఎత్తుకున్నాం.

తెర వెనక నిలదీశాను. "మళ్లీ ఆ బుసేమిటయ్యా? పరువు తీశావు!"

"మూడు మెట్లున్నాయి, నెమ్మది," అన్నాడు చెయ్యందిస్తూ. "వచ్చే ఆదివారం ఇంకాస్త గట్టిగా కొడతాను. ఎవరడిగినా గెర్టీ నీ పొగరనే చెబుతోందిలే."