చేసినవాడి గుర్తు

దిల్‌సుఖ్‌నగర్ పాత సామాన్ల కొట్లో కొన్న మడతకత్తిని బాపిరాజు ఇంటికి రాగానే భార్య ముందు తెరిచాడు. కత్తి తళతళలాడుతోంది.

"చూడు ప్రభా, ఎక్కడా స్క్రూ లేదు. అంతా ఇత్తడి మేకులు కొట్టి బిగించారు. పిడి అసలైన కొమ్ము. బ్లేడు మీద ఈ గాడి గోటితో తెరవడానికి. వందేళ్ల నాటి పనితనం."

సూర్యప్రభ కత్తిని అటూ ఇటూ తిప్పింది. "పిడి చివర ఈ రెండు నొక్కులేంటండీ?"

"చేసినవాడి గుర్తు. కొట్టువాడికే తెలీదు, నేను కనిపెట్టాను."

"మరి మీ నాన్నగారి కత్తి?"

"దానికీ దీనికీ పోలికేంటి? అది తుప్పు పట్టిన డొక్కుది. పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?"

"పారెయ్యలేదండీ. పోయిన నెల పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే బండి వస్తే ఇచ్చేశాను."

"మంచి పని చేశావు," అంటూ బాపిరాజు కొత్త కత్తిని మెత్తటి గుడ్డతో తుడిచాడు.

"ఇచ్చే ముందు దాంతో నెయ్యి డబ్బా మూత తీశాను. ఎంతకీ రాకపోతే పిడి చివర పచ్చడిబండతో రెండు దెబ్బలు వేశాను."

బాపిరాజు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"కొట్టువాడు తుప్పు మాత్రం బాగా వదిలించాడండీ," అంది సూర్యప్రభ.