కుందేలు సాక్ష్యం

రాజమల్లు గడపలో కాలు పెట్టాడో లేదో, మూలనున్న తెల్ల కుందేలు వెనక్కాలితో నేలను ధన్‌మని కొట్టింది.

"ఓసి దొంగమొకందానా! నేనేనే మల్లీ!" అన్నాడు ట్రంకుపెట్టె దించుతూ.

మల్లి మళ్ళీ కొట్టింది. చెవులు వీపుకు అంటించుకుని మంచం కిందికి దూరింది.

ఇంట్లో భార్య మొగిలమ్మ లేదు. నల్లా దగ్గరికి పోయినట్టుంది. మట్టెవాడ సందులో నల్లా సంగతి తెలిసిందే, బిందె నిండేలోపు రెండు జగడాలవుతాయి.

రాజమల్లు మనసు చివుక్కుమంది. గుప్పెడంత ఉన్నప్పుడు తెచ్చి తన చేత్తో పెంచిన జీవం. దాని సంగతి అతనికి తెలియనిదా! కొత్తవాళ్ళొస్తే కాలు కొడుతుంది. మనవాళ్ళయితే కాళ్ళ చుట్టూ తిరిగి గడ్డం రుద్దుతుంది. బాగా నమ్మకం కుదిరిన మనిషి పక్కనయితే ఉన్నట్టుండి దబ్బున పక్కకు ఒరిగి పడుకుంటుంది. మొదటిసారి అలా పడితే చచ్చిందనుకుని రాజమల్లు లబోదిబోమన్నాడు. మొగిలమ్మ రెండు రోజులు నవ్వింది. భివండిలో బట్టలు నేసే సాంచెల హోరు మధ్య, రెండేళ్ళుగా ఆ నవ్వుకే మొహం వాచిపోయాడు మనిషి.

"పోనీ తియ్. నువ్వు మర్సిపోయినా నా మొగిలి మర్సిపోదు," అనుకున్నాడు.

అంతలో వాకిట్లో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు. ఖాకీ బట్టల పోస్ట్‌మ్యాన్. తలుపు కొట్టలేదు, ఎవరినీ పిలవలేదు. తిన్నగా లోపలికొచ్చి, "నేనొచ్చిన," అంటూ గోడకానుకుని చాప మీద కూర్చున్నాడు. ఎండలోంచి వచ్చిన కళ్ళకు మంచం వారనున్న రాజమల్లు ఆనలేదు.

మంచం కింది నుంచి మల్లి ఒక్క దూకు దూకింది. పోస్ట్‌మ్యాన్ కాళ్ళ చుట్టూ రెండు చుట్లు తిరిగింది. మడమకు గడ్డం రుద్దింది. ఆ పైన దబ్బున అతని పక్కనే ఒరిగి, కాళ్ళు చాపి, సగం కళ్ళు మూసింది.

రాజమల్లుకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. మనుషులు అబద్ధమాడతారు గానీ, కుందేలెందుకు ఆడుతుంది?

ఒక్క ఊపులో పోయి ఖాకీ కాలరు పట్టాడు. "ఎవడ్రా నువ్వు? నా ఇంట్ల నీకేం పని?"

"అరే, జర ఆగు భాయ్! పోస్ట్‌మ్యాన్ యాదగిరిని."

"ఈ ఇంటికి ఉత్తరం రాస్తే నేను రాయాలె. నేనే రాస్తలేను. ఇగ నువ్వేం తెస్తానవ్‌రా? రోజూ వస్తానవా?"

"రోజూ వస్త," అన్నాడు యాదగిరి, ఎదుటివాడెవరో ఇంకా అర్థం కాక.

గడపలో బిందె దభీమని పడింది. మొగిలమ్మ. నీళ్ళు కాళ్ళ మీదుగా పారుతున్నా కదల్లేదు. మొగుణ్ణే చూస్తోంది.

"ఒచ్చినవా?" అంది.

ఆ ఒక్క మాటకు కరిగిపోవలసినవాడు కరగలేదు. "నేను లేని ఇంట్ల వీనికేం పని? చెప్పు! నీ మాటెందుకు, మల్లే సాక్ష్యం!"

మొగిలమ్మ కొంగుముడి విప్పి, ఓ పోస్టుకార్డు తీసి అతని చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరిగింది. చెమటకు నాని, చూద్దామన్నా ఒక్క అక్షరం లేదు.

"పోయిన కొత్తల నువ్వేసిన కార్డే బావా," అన్నాడు యాదగిరి కాలరు సవరించుకుంటూ. "చెల్లెకు సదువు రాదు గదా, రెండేండ్ల సంది రోజూ వచ్చి సదివి పోతాన. అక్షరాలు పోయి ఏడాదాయె, ఇప్పుడు నోటికే చెప్తాన."