టన్నెల్ బంద్

"పొద్దుమూకే లోపు కాలేదనుకో, రేపు ఇంకొకన్ని తెచ్చుకుంట," అని తేల్చేశాడు సుందరరావు.

ఆ మాటకు శ్రావణ్‌కు చెమటలు పట్టాయి. అశోక్‌నగర్‌లో సుందరరావుది పేరున్న రీడింగ్ హాల్. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఏ హాల్ ఓనరైనా ఆయన మాటే వింటాడు. ఇక్కడ చెడితే అన్నిచోట్లా చెడినట్టే. నెట్‌వర్క్ పని తప్ప మరో పని రాదాయె పాపం.

హాల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఆన్‌లైన్ టెస్టు రాద్దామంటే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. కారణం శ్రావణ్‌కు దొరికింది. ఎవరో పొద్దస్తమానం టన్నెల్ నడిపిస్తున్నారు. టన్నెల్ అంటే కవర్లో కవరు. కంపెనీ పని దూరం నుంచి చేసేవాళ్లూ వాడతారు, దొంగచాటుగా సినిమాలు చూసేవాళ్లూ వాడతారు. లోపల ఏం పోతోందో బయటివాళ్లకు కనబడి చావదు.

"ఎవడో సినిమాలు గుంజుతున్నడయ్యా! చదువుకునే జాగల గిదేం రోగం? బంద్ చెయ్," అన్నాడు సుందరరావు.

హాలంతటికీ నెట్ పంచే డబ్బా, అదే స్విచ్, దాంట్లో ఒక్క రూలు పెడితే సరి. టన్నెల్‌లో పోయేదంతా పాత నెట్ లైన్‌కు మళ్లించాలి. చచ్చుబడ్డ లైను అది. దాంట్లో పడ్డ టన్నెల్ నిలవదు. శ్రావణ్ రూలు పెట్టాడు. స్విచ్ పట్టించుకోలేదు. మళ్లీ పెట్టాడు. ఊహూఁ.

దిక్కుతోచక స్విచ్ కంపెనీ వాళ్ల హెల్ప్ చాట్ తెరిచాడు. మొదట కాసేపు ఇంగ్లిష్ నడిచింది. తర్వాత అవతలి మనిషి, "తెలుగేనా అన్నా? చెప్పు," అని టైప్ చేశాడు. మనోడే! శ్రావణ్‌కు ప్రాణం లేచొచ్చింది. తన గోడంతా వెళ్లబోసుకున్నాడు.

"ఏ జాగ అన్నా?"

"అశోక్‌నగర్. సుందరరావు సార్ రీడింగ్ హాల్."

అవతలివాడు ఇంకో ప్రశ్న వేశాడు.

"బంద్ చేసుడు తప్పదా? ఎవరో కనుక్కొని, ఒక మాట చెప్తే వినరా?"

"అడిగితే ఎవరు ఒప్పుకుంటరు తమ్మీ? ఇయ్యాల బంద్ గాకపోతే నా పని పోతది. ఇంట్ల చిన్న పిల్లలు. జర చెప్పు, నీ కాళ్లు మొక్కుత."

టైప్ చేస్తున్నట్టు చుక్కలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. వీడికీ తెలియదు కాబోలని శ్రావణ్ గుండె జారింది.

"నువ్వు లోపలి కవర్ అడ్రస్ రాసినవ్ అన్నా. స్విచ్ చూసేది పై కవర్‌నే. అది రాయి," అంటూ కమాండ్ మొత్తం పంపాడు. దాని కింద ఇంకో ముక్క: "నీ పని పోవద్దు."

ఎంత మంచోడు! శ్రావణ్ కమాండ్ కొట్టాడు. అంతే, హాల్లో పేజీలన్నీ టకటకా తెరుచుకున్నాయి. పిల్లలు హమ్మయ్య అనుకున్నారు. థాంక్స్ చెబుదామని చాట్ చూస్తే అవతలివాడు వెళ్లిపోయాడు. పనిలో ఉన్నవాళ్లకు మన థాంక్స్ వినే తీరికెక్కడిది!

సుందరరావు వచ్చి భుజం తట్టాడు. "శభాష్! ఇగ మా పెద్దులసొంటోళ్లకు మంచిగైతది," అంటూ మూల కుర్చీలోని కుర్రాణ్ని చూపించాడు. "పొద్దుగాల ల్యాప్‌టాప్ ముంగట కూసున్నడంటే తల ఎత్తడు. గసొంటోళ్ల కోసమే నా పరేషానంతా."

ఆ పెద్దులు అప్పటికే ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంటున్నాడు. మొహం పాలిపోయి ఉంది. తలుపు దాకా వెళ్లినవాడు శ్రావణ్ పక్కన ఆగాడు.

"కమాండ్ కరెక్ట్‌గనే కొట్టినవన్నా," అన్నాడు.