సీసా అడుగున మిగిలిన నూనె

నిన్నటిదాకా బోనులో చేయి పెడితే కరవడానికి మీదికొచ్చే తెల్ల ఎలకలు, ఇవాళ అంబిక అరచేతిలో ముడుచుకుని పడుకున్నాయి.

"ఏం మందు అమ్మా ఇది?"

"గంజాయిలోంచి తీసింది. నూనెలో కలిపి నోట్లో పోస్తాము. మెదడులో అది పోయి కూర్చునే చోటు ఒకటి ఉండాది. ఆడ ఏమేం మారతాదో చూస్తాండాము," అంది డాక్టర్ జయ.

వేలూరులో విదేశీ డబ్బుతో కొత్తగా తెరిచిన పరిశోధనశాల అది. ఎలకల గది ఊడ్చి, సీసాలు కడగడం అంబిక పని. ఆ పూట ఒక సీసా మాత్రం కడగలేదు. మూత బిగించి, కొంగున ముడివేసుకుని, ఇంటికి పోయే గుడియాత్తం బస్సెక్కింది.

పాపం, ఏం చేస్తుంది? మొగుడు సురేంద్రన్ తాపీమేస్త్రీ. ఊరంతా కొత్త మేడలు లేస్తున్న రోజులు, ఒళ్లు హూనమయ్యే పని. ఇంటికొచ్చి నడుం వాల్చాక నిద్ర చెడిందో, ఇక మనిషి కాదు. పోయిన నెల అంబిక ముంజేయి విరిచాడు. పగలు బిడ్డను చూసుకునే పక్కింటి మంగమ్మ అడ్డం రాకపోతే ప్రాణమే పోయేది. ఇంకోసారి కొడితే తాను బతకనని అంబికకు తెలుసు.

వారం తిరిగేసరికి ఇల్లు ఇల్లయింది. సురేంద్రన్ కడుపునిండా తిని, గుర్రుపెట్టి, తెల్లారి నవ్వుతూ లేస్తున్నాడు. ఒకరోజు మల్లెపూలు కూడా తెచ్చాడు!

"ఏమే, మొగుడికి మందు పెట్టినావా ఏంది? మీ ఇంట్లో చడీచప్పుడే లేదు," అని మంగమ్మ మేలమాడింది.

"పో అక్కా!" అంబిక నవ్వి, గబగబా లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు ఎలకలకు నీళ్లు పెడుతూ మెల్లగా అడిగింది.

"మందు ఆపేస్తే ఇవి మళ్లీ బాగైపోతాయా అమ్మా?"

"ఇవి ఎదిగిన ఎలకలు కదా, బాగైపోతాయి. ఏం, వాటి మీద అంత జాలి?"

బాగైపోతాయి. అంబికకు ఆ ఒక్క మాట చాలు, మిగతాది చెవికెక్కలేదు. సాయంత్రం ఇంకో సీసా కొంగున చేరింది.

ఇంటికెళ్లేసరికి సురేంద్రన్ తిని, చాప పరుచుకుంటున్నాడు. "అలిసిపోయినావు, నువ్వూ తిని పడుకో," అన్నాడు. ఆ మాటకే అంబికకు కళ్లనీళ్లు తిరిగాయి.

మొగుడు నడుం వాల్చకముందే, ఉయ్యాలలోంచి మూడు నెలల కూతుర్ని ఒళ్లోకి తీసుకుని, ఏడవడమే మరిచిపోయిన ఆ చిన్ని నోట్లో ఆ పూట నూనెచుక్క వేసింది.