మరదలి క్యూ

"ఎన్ని పూతలు వేశావురా?" అంది వదిన, స్నూకర్ ఆడే క్యూ కర్రని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"మూడు," అన్నాడు తమ్ముడు. "తలుపుకి వేయగా మిగిలిన వార్నిష్ అక్కా. మంచి రకమే."

"తలుపుకి మంచిదే."

మర్నాడు మధ్యాహ్నం స్నూకర్ క్లబ్బులో అతని భార్యకి ఆడవాళ్ళ ఫైనల్. తన ఇల్లాలు మొదటిసారి అంతదాకా వెళ్ళింది కదా, పాత క్యూని తళతళలాడించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు ఆ మహానుభావుడు. తళతళలాడింది, అందులో లోటు లేదు. కానీ క్యూ ఎడమచేతి వేళ్ళ మీద అడ్డులేకుండా జారాలి. ఇది వేళ్ళకి అతుక్కుని మధ్యలో ఆగుతోంది. అరువు క్యూతో ఫైనల్ ఆడితే గెలుపు సంగతి దేవుడెరుగు, పరువు దక్కితే చాలు. పొద్దున భోజనాల బల్ల మీద ఒక్కసారి ఆడించి చూసి ఆమె కుర్చీలో కూలబడింది. అప్పుడు పరిగెత్తుకెళ్ళి అక్కకి ఫోన్ చేశాడు.

"నేను వద్దనే అన్నాను వదినా," అంది మరదలు. "ఇవాళ నీకు బోలెడు పనుంటుంది, ఏ మొహం పెట్టుకుని అడుగుతాం అన్నాను."

"నా పని ఎక్కడికీ పోదు. పాత దుప్పటి ఉంటే బల్ల మీద పరుచు."

ఫర్నిచర్‌కి పాలిష్ చేయడం వదిన వృత్తి. క్లబ్బులో సగం క్యూలు ఆవిడ చేతుల మీదుగా వెళ్ళినవే. ముందుగా క్యూ కొసనున్న ఇత్తడి తొడుగు గీసుకుపోకుండా టేపు చుట్టింది. తర్వాత ఉప్పుకాగితం అందుకుంది. చెక్కలో గీతలు ఎటు పోతే చెయ్యి అటే పోయింది. అడ్డంగా ఒక్కసారి కూడా కదల్లేదు. వార్నిష్ తెల్లటి పొడిగా దుప్పటి మీద రాలుతుంటే మొగుడూ పెళ్ళాలు గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నారు.

"నేనూ ఓ చెయ్యి వేస్తా అక్కా."

"వేసిన చెయ్యి చాలు నాయనా."

కొస దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేగం తగ్గింది. నాలుగు రుద్దులకోసారి ఆగి, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో తడిమి చూసింది. అక్కడ వెంట్రుకవాసి ఎక్కువ పోయినా క్యూ సన్నబడి ఊగుతుంది, ఇక దానికి మందు లేదు.

"ఆ కాస్తా వదిలెయ్యక్కా. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు తమ్ముడు.

"చూడ్డానికి కాదురా. వేళ్ళ మీద జారేది ఆ మూరెడు మేరే. అక్కడ జిగురుంటే నీ పెళ్ళాం ప్రతి షాట్‌కీ తడబడుతుంది."

"ఎలాగూ తడబడతానులే," అంది మరదలు. "నాలుగేళ్ళుగా కప్పు ఎవరికీ ఇవ్వని మనిషితో ఆట మరి."

"ఆ మనిషికీ లోపల దడగానే ఉందట," అంది వదిన తలెత్తకుండా.

మరదలు ఫక్కున నవ్వింది. పొద్దుట్నించి ఆమె నవ్వడం అదే మొదలు.

చివరి మరక పోయాక వదిన తడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. తడి తగిలి లేచిన నూగు ఆరనిచ్చి, ఇంకా నున్నటి కాగితంతో దాన్ని అణిచింది. క్యూని బల్ల మీద దొర్లించి వంకర లేదని చూసుకుని మరదలి చేతికిచ్చింది. మరదలు వంగి నాలుగుసార్లు ఆడించింది. కర్ర వేళ్ళ మీద చప్పుడు లేకుండా వెళ్ళి వచ్చింది.

"మోచెయ్యి బయటికి పోతోంది, చూసుకో," అంది వదిన.

మరదలు ఓ క్షణం ఆవిడ మొహంలోకి చూసి, మోచెయ్యి లోపలికి సర్దుకుంది.

ఆఖర్న నాలుగు చుక్కల అవిసెనూనె. గుడ్డతో పట్టించి, ఎక్కువైంది తుడిచేసి, అరచెయ్యి వేడెక్కేదాకా రుద్దింది. లేత చెక్కలో దాగిన గీతలన్నీ ఒక్కొక్కటిగా పైకి తేలాయి. అంత చక్కటి పని చేసే చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది మరదలికి.

"రేపు పొద్దుటిదాకా ముట్టుకోకు. ఒరేయ్, ఈ నూనెగుడ్డ ఉండచుట్టి పడేసేవు, దానంతటదే అంటుకుంటుంది. నీళ్ళలో ముంచి పారెయ్," అంటూ వదిన చెప్పులేసుకుంది.

మరదలు గుమ్మందాకా వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకుంది. "నీ రుణం ఎలా తీర్చుకోను వదినా?"

"బాగా ఆడి. ఓడితే ఆటలో ఓడు, వీడి వార్నిష్ వల్ల కాదు."

"గెలిస్తే?"

"మొదటి చప్పట్లు నావే."

మర్నాడు ఫైనల్లో మరదలి ప్రత్యర్థి వదినే.