రేకు మీద దెబ్బ

జహీరాబాద్ మార్కెట్లో అల్లం దింపి, యాకోబు ఖాళీ ట్రాలీ ఆటోలో మొగుడంపల్లికి బయలుదేరేసరికి బాగా చీకటిపడింది. చిరాగ్‌పల్లి దాటగానే, అతని వీపు వెనక రేకు మీద ఎవరో ఒక్కసారి కొట్టారు.

అతని కాలు బ్రేకు మీదికి పోయింది.

పోయిన చలికాలం ఇదే దారిలో భార్య సుగుణను దవాఖానకు తీసుకెళ్లాడు. కారు కిరాయి రెండు వేలన్నారు. “మన బండి ఉండంగ గన్ని పైసలెందుకే?” అని, కడుపునొప్పితో కూర్చోలేని మనిషిని వెనక ట్రాలీలో బొంత పరిచి పడుకోబెట్టాడు. “రేకు మీద ఒక్కసారి కొట్టు, ఆపుత. రెండుసార్లు కొడితే పోనిస్త,” అన్నాడు. గతుకుల్లో కూడా ఆమె మూలగలేదు. సరిగ్గా ఇక్కడికొచ్చాకే ఒక్కసారి కొట్టింది.

“దగ్గరికొచ్చినం, జర ఓర్చుకో!” అని అరిచాడే తప్ప, ఆపలేదు. ఆమె మళ్లీ కొట్టలేదు. దవాఖాన ముందు దిగి చూసేసరికి బొంత కింద చేయి చల్లబడి ఉంది.

ఈసారి యాకోబు ఆపాడు. ఇంజన్ కూడా బంద్ చేశాడు. వెనక్కి వెళ్లి టార్చి వేశాడు. ట్రాలీలో అల్లం నుంచి రాలిన ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు.

“ఆపిన, సుగుణా,” అన్నాడు. “చెప్పు. చలి పెడ్తుందా? నీళ్లు కావాల్నా?”

రోడ్డు మీద ఒక్క లారీ కూడా రాలేదు. బండి అంచు పట్టుకొని అతను అలాగే నిలబడ్డాడు.

అప్పుడు, అతని కళ్ల ముందే, ఆ ఖాళీ ట్రాలీలో రేకు మళ్లీ మోగింది.

మెల్లగా, రెండుసార్లు.